నీటికుక్క తిన్నదెంత, వల చింపిందెంత? సోమశిల బ్యాక్ వాటర్ నుంచి ఒక కేస్ స్టడీ

నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ వైపు, కృష్ణ ఒడ్డున ఉన్న ఒక మత్స్య సహకార సంఘం ఇచ్చిన ఫిర్యాదుతో ఈ కేసు మొదలైంది. ఊరి పేరు రాయడం లేదు. ఎందుకో చదువుతూ పోతే అర్థమవుతుంది. ఫిర్యాదులో ఉన్నది ఇది: నీటికుక్కలు గుంపుగా వచ్చి వలలు చింపుతున్నాయి, వలలో పడ్డ బొచ్చెలను సగం తిని వదిలేస్తున్నాయి, సర్కారు వదిలిన చేపపిల్లలను పెరగనివ్వడం లేదు. వాటిని పట్టి ఇంకెక్కడైనా వదలండి, లేదంటే మాకు నష్టపరిహారం ఇప్పించండి. కాగితం మీద లేని సంగతి ఇంకోటి ఉంది. చచ్చిన చేపల కడుపులో పురుగుమందు గుళికలు కుక్కి బండల మీద పెడదామని కొందరు కుర్రాళ్లు అప్పటికే మాట్లాడుకుంటున్నారు. నన్ను పిలిచిన సంఘం కార్యదర్శికి అసలు టెన్షన్ దాని గురించే.

నీటికుక్క వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రక్షణ ఉన్న జంతువు. ఇక్కడ ఉండేది నునుపు బొచ్చు నీటికుక్క, శాస్త్రీయ నామం లుట్రోగేల్ పెర్స్పిసిల్లాటా. దాని తోలుకూ, పిల్లలకూ దొంగ వ్యాపారం ఎక్కువ కావడంతో 2019లో అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించే సైటీస్ ఒప్పందం మొదటి అనుబంధంలో చేర్చారు. మందు పెడితే కేసు అవుతుందని కుర్రాళ్లకు తెలియక కాదు. ఒక్క వల ఖరీదు వాళ్లకు ఎన్ని రోజుల కూలో తెలిస్తే ఆ కోపం అర్థమవుతుంది. పైగా మందు చేప నీటికుక్క ఒక్కదాన్నే చంపదు. గద్ద తింటుంది, ఊరకుక్క తింటుంది, ఆ నీళ్లే ఊరి పశువులు తాగుతాయి.

ముందు ఆ నీళ్ల గురించి కాస్త చెప్పాలి. శ్రీశైలం డ్యాం నిండు మట్టం 885 అడుగులు. నీళ్లు అక్కడిదాకా వస్తే సోమశిల, అమరగిరి, మంచాలకట్ట వైపు కొండల సందుల్లోకి కృష్ణ పాకుతుంది. ఎండాకాలానికి మట్టం దిగుతుంది. అవతలి గట్టున సంగమేశ్వరం గుడి నీళ్లలోంచి బయటపడుతుంది, ఇవతల మునిగిన ఊళ్ల గోడలు, బావి గట్లు, చెట్ల మోళ్లు తేలతాయి. ఈ మోళ్లను గుర్తుపెట్టుకోండి, మళ్లీ వాటి దగ్గరికి రావాలి. ఇక్కడ వేటాడేది స్థానిక బెస్త, ముదిరాజ్ కుటుంబాలు మాత్రమే కాదు. చెంచులున్నారు, విశాఖ, శ్రీకాకుళం తీరం నుంచి తరాల కింద వచ్చి గట్టున పాకలు వేసుకున్న వాళ్లున్నారు. నల్గొండ జిల్లాలో సాగర్ వెనుక ఉన్న వైజాగ్ కాలనీ అలా పుట్టిందే. సముద్రం లేని తెలంగాణలో సముద్రపు వేటలో చేయి తిరిగిన జాలరులు దొరికేది ఈ కృష్ణ గట్టునే.

సంఘం పెద్ద మొదటి మీటింగులోనే లెక్క చెప్పాడు.

"సార్, గుంపుకు ఎనిమిది. ఒక్కోటి దినాం కిలో తింటదనుకోండ్రి. ఎనిమిది కిలోలాయె. నెలకు రెండు వందల నలభై. బొచ్చె కిలో వంద లెక్కన ఏసుకున్నా మాకు నెలకు ఇరవై నాలుగు వేలు పాయె. గిట్ల ఎన్ని గుంపులున్నయో మీరే చూడుండ్రి."

ఆయన చెప్పిన కిలో తప్పు కాదు. పెద్ద నీటికుక్క 7 నుంచి 11 కిలోల బరువుంటుంది, రోజుకు సుమారు కిలో చేప తింటుంది. గుణకారమూ సరైనదే. కానీ ఆ లెక్కలో ఎవరూ పైకి అనకుండా ఒప్పేసుకున్న మాట ఒకటి ఉంది: నీటికుక్క తిన్న ప్రతి కిలో బొచ్చెదే, అది తినకపోతే ఆ కిలో మన వలలో పడేదే.

నేను చదువుకున్నది సముద్ర జీవావరణం. ఈ లెక్క నాకు కొత్త కాదు. దక్షిణాఫ్రికా, నమీబియా తీరంలో కేప్ ఫర్ సీల్స్ అని చేపలు తిని బతికే సముద్ర జంతువులు ఉంటాయి, 15 నుంచి 20 లక్షల దాకా. మన దేశపు తీరంలో సీల్స్ లేవు కాబట్టి మనకు ఆ గొడవ తెలియదు. అక్కడి మత్స్యకారులది అచ్చం ఇదే లెక్క: ఇన్ని లక్షల సీల్స్, రోజుకు ఇన్ని కిలోలు, మా హేక్ చేప అంతా అవే తింటున్నాయి, కాబట్టి వాటిని తగ్గించండి. 1995లో ఆండ్రే పంట్, డగ్ బటర్‌వర్త్ అనే శాస్త్రవేత్తలు దీన్ని మోడల్ కట్టి చూశారు. అక్కడ హేక్ ఒకటి కాదు, రెండు జాతులు. ఒకటి తక్కువ లోతులో, ఇంకోటి ఎక్కువ లోతులో ఉంటుంది. తక్కువ లోతులోని హేక్ పెద్దదయ్యాక ఎక్కువ లోతు హేక్ పిల్లలను తింటుంది. సీల్స్‌కు ఎక్కువగా దొరికేది తక్కువ లోతుదే. అంటే సీల్స్‌ను తగ్గిస్తే తక్కువ లోతు హేక్ పెరుగుతుంది, అది రెండో హేక్ పిల్లలను ఇంకా ఎక్కువ తింటుంది. మొత్తం మీద మత్స్యకారులకు మిగిలేది చాలా తక్కువ, అసలు తగ్గినా తగ్గొచ్చు. ఇక్కడి కృష్ణలో హేక్ లేదు కాబట్టి ఆ ఫలితాన్ని తెచ్చి ఇక్కడ అతికించడానికి లేదు. నేను అక్కడి నుంచి తీసుకున్నది ఒక్క ప్రశ్న: ఏ జాతి, ఏ సైజు, ఏ నెలలో?

దానికి జవాబు జంతువు మలంలోనే దొరుకుతుంది. సీల్స్ మీద పనిచేసేవాళ్లు మలాన్ని కడిగి అందులోంచి చేప చెవిరాళ్లు, స్క్విడ్ అనే మెత్తటి సముద్రజీవి ముక్కులు ఏరతారు. చెవిరాయి చేప తలలో ఉండే సున్నపు గడ్డ. జాతిని బట్టి ఆకారం మారుతుంది, చేప పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది. స్క్విడ్‌కు ఎముకలు లేవు, కానీ చిలుక ముక్కు లాంటి నల్లటి గట్టి ముక్కు ఉంటుంది. అది కైటిన్, కడుపులో అరగదు. మాల్కం క్లార్క్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1962లోనే ముక్కు కొలతకూ స్క్విడ్ బరువుకూ ఉన్న సంబంధం చూపించాడు. కింది ముక్కు కొన మిల్లీమీటర్లలో కొలిస్తే స్క్విడ్ ఎంతదో చెప్పొచ్చు. విశాఖ హార్బర్‌లో స్క్విడ్‌లు కోసి ముక్కులు తీయడం నేర్చుకున్న రోజుల్లో నాకు బాగా నాటుకుపోయింది మాత్రం ఆ కొలత కాదు, దాని లోపం. చెవిరాయి కడుపులోని ఆమ్లానికి కరుగుతుంది, చిన్న చేపది పూర్తిగా మాయమవుతుంది. స్క్విడ్ ముక్కు కరగదు కానీ కడుపు మడతల్లో ఆగిపోతుంది, లేదా సీల్ దాన్ని కక్కేస్తుంది. అందుకని కడుపు కోసి చూస్తే సీల్ స్క్విడ్ మీదే బతుకుతోందనిపిస్తుంది, మలం చూస్తే స్క్విడ్ ముట్టనట్టే ఉంటుంది. జంతువు ఒకటే, చూసిన చోటు వేరు. ఇంకో లోపం ఉంది, మా కేసుకు అదే ముఖ్యం: చేప పెద్దదైతే సీల్ తల తినదు, కొరికి పారేస్తుంది. తల పోతే చెవిరాయీ పోయినట్టే. మనిషికి ఎక్కువ విలువైన పెద్ద చేపే మలంలో కనిపించకుండా పోతుంది.

నీటికుక్క కూడా అంతే. చిన్న చేపను తలతో సహా నమిలేస్తుంది, పెద్ద బొచ్చెను పొట్ట, వీపు తిని తల వదిలేస్తుంది. కాబట్టి మలం ఒక్కటే చూసి "నీటికుక్క బొచ్చెలు తినదు" అని తేల్చేస్తే అది జాలరులకు అన్యాయం. మూడు చోట్ల సాక్ష్యం తీసుకోవాలని మొదటే నిర్ణయించుకున్నాం: మలం, బండల మీద తిని వదిలేసిన చేపలు, వల.

మలం దొరకడం కష్టం కాలేదు. నీటికుక్కలు గుంపంతా ఒకే చోట, నీటికి దగ్గర్లో ఎత్తైన బండ మీద విసర్జిస్తాయి. ఇక్కడి జాలరులు వాటిని కుక్కల బండలనే అంటారు, ఎక్కడెక్కడున్నాయో పుట్టి నడిపే ప్రతివాడికీ తెలుసు. తాజాది నల్లగా, జిగటగా, ఘాటైన చేపల కంపుతో ఉంటుంది. ఎండితే పొలుసుల పొడి, బూడిద రంగు. దేన్ని దానికే కాగితం పొట్లంలో కట్టి తేదీ, బండ పేరు రాయాలి. పాలిథిన్ కవర్లో వేస్తే బూజు పడుతుంది, వద్దు. రాత్రంతా సబ్బు నీళ్లలో నానబెట్టి, సన్న జల్లెడలో పోసి, కుళాయి కింద మెల్లగా కడిగితే జల్లెడలో మిగిలేది పొలుసులు, ముళ్లు, వెన్నుపూసలు, పీత పెంకులు.

సముద్రపు పద్ధతి ఇక్కడ ఒకచోట పనిచేయదు. బొచ్చె, రవ్వ, మిరిగ, బంగారుతీగ అన్నీ కార్ప్ జాతులు. సముద్ర చేపలో పెద్దగా ఉండే చెవిరాయి వీటిలో సూది ముక్కంత, విరిగిపోతుంది. దాన్ని నమ్ముకుంటే కార్ప్ చేపలన్నీ లెక్కలోంచి జారిపోతాయి. వీటికి దవడల్లో పళ్లుండవు, గొంతులో ఉంటాయి. మొప్పల వెనకాల కుడి ఎడమలుగా వంపు తిరిగిన రెండు ఎముకలు, వాటి మీద వరసలుగా పళ్లు. ఇవి గట్టివి, మలంలో చెక్కుచెదరకుండా వస్తాయి. బంగారుతీగవైతే మన దవడ పళ్లలా బల్లపరుపుగా, నూరే పళ్లు. రవ్వవి సన్నగా, పక్కకు నొక్కినట్టు ఉంటాయి. జిలేబి (తిలాపియా) చేపది పూర్తిగా వేరు: గొంతులో కింద ఒకే ఒక త్రికోణపు పలక, దాని మీద గరుకు కాగితంలా చిట్టి పళ్లు. ఒక చేపకు ఒకటే పలక కాబట్టి పలకలు లెక్కపెడితే చేపలు లెక్కపెట్టినట్టే. కార్ప్ అయితే కుడివి విడిగా, ఎడమవి విడిగా లెక్కపెట్టి ఏది ఎక్కువైతే దాన్ని తీసుకోవాలి. క్యాట్‌ఫిష్, వాలుగకు పొలుసులు లేవు. వాలుగను వెన్నుపూసలతోనూ, క్యాట్‌ఫిష్‌ను రొమ్ము రెక్క దగ్గరి రంపపు ముల్లుతోనూ పట్టుకోవచ్చు. కొర్రమీను పొలుసు చూస్తే చాలు.

పోల్చుకోవడానికి నమూనాలు కావాలి. కొల్లాపూర్ మార్కెట్లో దొరికిన ప్రతి రకం చేపనూ చిన్నది, నడిమిది, పెద్దది కొని, పొడవు కొలిచి, ఉడకబెట్టి, ఎముకలు విడదీసి అట్టల మీద అతికించాం. ఈ పని సంఘం ఆఫీసు వరండాలోనే పెట్టుకున్నాను. ల్యాబ్‌కు తీసుకెళ్లి రిపోర్టుతో తిరిగొస్తే నా మాట నమ్మడానికి వాళ్లకు కారణం ఉండదు. వరండాలో అయితే చేపలమ్మే అక్కలు బుట్ట దించి కూర్చునేవారు. భూతద్దం కింద నేను రెండు నిమిషాలు తిప్పి చూసే పొలుసును ఒక అక్క వేలి మీద పెట్టుకుని, "ఇది రవ్వది కాదు సార్, మిరిగది. రవ్వదైతే అంచు ఎర్రగుంటది" అనేది. కడిగి ఎండిన పొలుసుకు ఎరుపు ఎక్కడిదని అడిగితే, ఉన్న చోటు గరుకుగా తగులుతుందని చెప్పింది. అలా ఆమె వేరు చేసిన పొలుసులను నమూనా అట్టలతో సరిచూశాం. ఆ చేతిని మించిన పరికరం నా దగ్గర లేదు. ఆ తర్వాత ప్రతి పొట్లాన్నీ ముందు అక్కలే విడదీసేవారు, నేను సరిచూసి రాసుకునేవాణ్ని.

మలంలో తేలింది ఇది. ఏ బండ మీద తెచ్చినా, ఏ నెలదైనా, జిలేబి పలకలే అన్నిటికంటే ఎక్కువ. జిలేబి ఆఫ్రికా నుంచి వచ్చిన చేప. ఒడ్డు వెంట తక్కువ లోతులో గుంపులుగా ఉంటుంది, మెల్లగా కదులుతుంది, నీటికుక్క వేటాడేదీ అక్కడే. తర్వాత చిన్న క్యాట్‌ఫిష్, జెల్లలు, కొర్రమీను, పరకలు. ఎండాకాలం నీళ్లు దిగినప్పుడు పీత పెంకులు బాగా పెరిగాయి. పెద్ద కార్ప్ చేపల గొంతు పళ్లు అరుదు. ఇంతవరకు సంఘం లెక్కకు వ్యతిరేకమే.

కానీ వానాకాలం చివర, చేపపిల్లలు వదిలిన తర్వాతి వారాల్లో, రెండు బండల మీది పొట్లాల్లో చిట్టి కార్ప్ పళ్లు గుప్పెళ్లు గుప్పెళ్లుగా వచ్చాయి. తెలంగాణలో 2016 నుంచి ఉచిత చేపపిల్లల పంపిణీ నడుస్తోంది. చెరువులకు 35–40 మిల్లీమీటర్ల పిల్లలు, రిజర్వాయర్లకు 80–100 మిల్లీమీటర్ల పిల్లలు. మేము చూసిన పళ్లు సరిగ్గా ఆ రెండో సైజు పిల్లలవే. ఆ రెండు బండలూ పిల్లలను వదిలే ఘాటుకు చెరో పక్కన ఉన్నాయి. లారీ ఘాటు దాకా వస్తుంది, ఫొటోలు తీసుకుంటారు, పట్టపగలు బ్యాగులన్నీ ఒకేచోట విప్పేస్తారు. దూరం నుంచి ఎండలో వచ్చిన పిల్లలు కాసేపు తేరుకోలేక ఒడ్డునే గుమిగూడి ఉంటాయి. నీటికుక్కలకే కాదు, కొంగలకు, నీటికాకులకు, జిలేబి గుంపులకు కూడా అది విందే. ఫిర్యాదులో చేపపిల్లల గురించి రాసిన మాట ఆ చోట, ఆ వారాల వరకు నిజం. మీటింగులో దీన్ని అన్నిటికంటే ముందు చెప్పాను. వాళ్లు చెప్పిన దాంట్లో నిజమైనది నిజమని ముందు ఒప్పుకోకపోతే తర్వాతి మాట ఎవరూ వినరు.

వల సంగతికి వస్తాను. ఈ కేసులో ఎక్కువ నేర్చుకున్నది అక్కడే.

వల పుస్తకం అని ఒకటి మొదలుపెట్టాం. ఇంటర్ చదువుతున్న కార్యదర్శి కూతురు పొద్దున్నే ఘాటు దగ్గర కూర్చుని రాసేది: ఎవరి వల, ఎక్కడ వేశారు, ఎప్పుడు వేసి ఎప్పుడు లేపారు, వల కన్ను (పోగుల మధ్య సందు) ఎంత, ఏం పడ్డాయి, ఎక్కడ చిరిగింది. చిరుగు ఎలా ఉందో బొమ్మ గీసేది. ఇక్కడ వాడేది ఎక్కువగా తంగూసు వల, పైన బెండ్లు, కింద గుండ్లు. పక్కపక్కన పెట్టి చూస్తే చిరుగులన్నీ ఒకటి కావు.

నీటికుక్క చిరుగులో చేప ఉంటుంది. తల కన్నులో ఇరుక్కునే ఉంటుంది, పొట్ట నుంచి వెనక భాగం లేదు, చుట్టూ పిడికెడంత మేర పోగులు తెగి గజిబిజిగా వేలాడతాయి. కొన్నిసార్లు పక్కనే ఇంకో చేపకు కూడా అదే గతి. తాబేలు కొరికితే చేప మీద అర్ధచంద్రపు గాటు పడుతుంది, వల పెద్దగా చిరగదు. మొసలి పడితే వలలో చిరుగు అని చెప్పడానికి లేదు, మూరలకు మూరలు పోతుంది. మోడుకు తగులుకున్న వల కింద గుండ్ల వరస దగ్గర నిలువునా చీలుతుంది, లాగిన వైపుకు పోగులు సాగి ఉంటాయి, పాచి పట్టిన బెరడు ముక్కలు అంటుకుని ఉంటాయి. ఇవన్నీ ముసలివాళ్లకు తెలిసినవే. ఎవరూ లెక్క రాయలేదు, అంతే.

ఇంకో రకం చిరుగు అంచులు తిన్నగా, శుభ్రంగా ఉంటాయి. అది కత్తి కోత. దాని వెనక దెయ్యం చేప ఉంది. దక్షిణ అమెరికా చేప, అద్దాల తొట్టెలో పాచి తింటుందని ఇళ్లలో పెంచుకునేది. పెరిగిపోయాక కాలవల్లో, చెరువుల్లో వదిలేస్తే నదుల దాకా వచ్చేసింది. ఒళ్లంతా ఎముక పలకలు, రొమ్ము రెక్కలకూ వీపు రెక్కకూ ముందు గట్టి ముల్లు. వలలో పడి మెలి తిరిగిందంటే తంగూసు పోగులు ఆ ముళ్ల చుట్టూ పేనుకుపోతాయి. బతికుండగా విడదీయడం అయ్యే పని కాదు. చేపకు ధర లేదు, ఎవరూ కొనరు. పొద్దెక్కుతోంది, మిగిలిన వల లేపాలి, కాబట్టి కత్తి తీసి చుట్టూ కోసి చేపతో సహా ఒడ్డుకు విసిరేస్తారు. సాయంత్రం వల బాగుచేసుకునేటప్పుడు కనబడేది ఒక రంధ్రం. అప్పటికి అలసట, కోపం. ఆ రంధ్రం నీటికుక్క ఖాతాలోకి వెళ్లిపోతుంది. ఇందులో అబద్ధం ఆడినవాళ్లు ఎవరూ లేరు. కోసింది పొద్దున కొడుకు, కుట్టేది సాయంత్రం తండ్రి.

పుస్తకం నిండేకొద్దీ మోళ్లూ దెయ్యం చేపా చిరుగుల్లో ఎక్కువ భాగం తీసుకున్నాయి. నీటికుక్క వాటా చిన్నదే గానీ లేకపోలేదు, దానికి ఒక తీరు కనిపించింది. సాయంత్రం వేసిన వలను తెల్లవారకముందే లేపిన వాళ్లకు నీటికుక్క చిరుగులు దాదాపు లేవు. పొద్దెక్కి లేపిన వాళ్లకే ఉన్నాయి. ఈ జాతి నీటికుక్క రాత్రి కంటే పగటి వెలుగులో, ముఖ్యంగా ఉదయం, సాయంత్రం ఎక్కువ తిరుగుతుంది. వెలుగు వచ్చాక వలలో కొట్టుకుంటున్న చేప దానికి తేలిగ్గా దొరుకుతుంది. ఆలస్యంగా లేపేది బద్ధకంతో కాదు. పొద్దున ఐస్ బండి వచ్చే టైమును బట్టి లేపుతారు. ముందే లేపితే చేప మెత్తబడి ధర పడిపోతుంది. కాబట్టి "తొందరగా లేపండి" అని సలహా ఇచ్చి చేతులు దులుపుకోలేం, ఐస్ సంగతి కూడా చూడాలి.

ఇక నేను ఊరి పేరు రాయకపోవడానికి కారణం. వదిలిన పిల్లల్లో నీటికుక్క తినేది ఘాటు దగ్గర, కొన్ని వారాలు. మరి మిగతా పిల్లలు పెద్దవై వలలోకి ఎందుకు రావడం లేదు? దానికి జవాబు ఎగువన గట్టు మీద టార్పాలిన్ల మీద ఎండుతోంది. అలవి వల పేరు ఈ ప్రాంతంలో తెలియని వాళ్లు లేరు. దోమతెర అంత సన్న కన్ను, చాలా పొడవు, నీళ్లను చుట్టి ఒడ్డుకు లాగేస్తారు. నిషేధం ఉంది, వేట నడుస్తూనే ఉంది. లాగిందంతా ఎండబెట్టి ఎండు పరకగా అమ్ముతారు. ఒక టార్పాలిన్ పక్కన కూర్చుని, అడిగి, దోసిళ్లతో తీసి వేరు చేశాను. పరకలున్నాయి, చిన్న రొయ్యలున్నాయి. వాటి మధ్య వేలెడు పొడవు బొచ్చె, రవ్వ పిల్లలు, ఎండి ముడుచుకుపోయి, పెద్ద తలతో బొచ్చె ఎండినా బొచ్చెగానే గుర్తుపట్టొచ్చు. ప్రతి దోసిలిలోనూ ఉన్నాయి. నీటికుక్కల గుంపు ఏడాదంతా తిన్నా ఒక లాగుడులో వచ్చే పిల్లలను అందుకోలేదని నాతో వచ్చిన సంఘం సభ్యుడే అన్నాడు. కిలో అమ్మితే వచ్చే ఎండు పరక డబ్బుకూ, ఆ పిల్లలు ఏడాది బతికి కిలో కిలో బొచ్చెలైతే వచ్చే డబ్బుకూ ఉన్న తేడా ఆయనకు నేను చెప్పనక్కర్లేదు.

అక్కడ వల లాగుతున్నది అడ్వాన్సు తీసుకుని వచ్చిన కూలీలు. వల వాళ్లది కాదు, చేప వాళ్లది కాదు. పేర్లు బయటికొస్తే ముందు దెబ్బ తినేది వాళ్లే, వల యజమానులు కాదు. అందుకే ఊరు, గట్టు, ఎవరివీ పేర్లు లేవు.

ఫలితాలు చెప్పే రోజు వరండాలో సీసాలు వరసగా పెట్టాం. వాటిలో ఏ నెలకు ఆ నెల విడదీసిన ఎముకలు. జిలేబి పలకలు ఒకదాంట్లో, కార్ప్ పళ్లు ఇంకోదాంట్లో, పక్కన వల పుస్తకం, దాని పక్కన చిన్న సంచిలో ఎండు పరక. మాట్లాడింది ఎక్కువగా నేను కాదు, పొట్లాలు విడదీసిన అక్కలు. ఒక కుర్రాడు లేచి, "మరి నా వలల సగం తిన్న బొచ్చె దొరికింది కదా, అది ఏం చెప్తరు?" అన్నాడు. దొరికింది, పుస్తకంలో ఉంది, బండల మీద తిని వదిలిన పెద్ద బొచ్చె తలలు కూడా మాకు దొరికాయి అన్నాను. తీరం నుంచి వచ్చిన పెద్దాయన ఒకాయన అందుకున్నాడు: "సముద్రంలో మా తాతలకి డాల్ఫిన్లు ఇలాగే వలలో చేప లాక్కునేవి బాబూ. వాటా అనుకునీవోళ్లం. ఈ ఎండు సంచీలోది ఎవరి వాటా?" కాసేపు ఎవరూ మాట్లాడలేదు, తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు. గంటసేపు గొడవ నీటికుక్కలను వదిలి అలవి వల మీదికి మళ్లింది. ఆ కుర్రాడు మాత్రం చివరిదాకా ఒప్పుకోలేదు. ఒప్పుకోవాలని నేనూ పట్టుబట్టలేదు, అతని నష్టం అతనిది.

మందు మాట ఆగింది. పట్టి వేరే చోట వదలాలన్న డిమాండ్ సంఘం వెనక్కి తీసుకుంది. పట్టి వదిలినా ఖాళీ అయిన గట్టుకు ఇంకో గుంపు వస్తుందని, ఈలోపు జిలేబిని తినేది తగ్గుతుందని వాళ్లే వాదించుకున్నారు. జిలేబికి ధర తక్కువ, పైగా అది ఒడ్డున గుమిగూడిన పిల్లలను కూడా తింటుంది. సీల్స్, హేక్ కథ నేను చెప్పింది అప్పుడే, అంతకుముందు కాదు. తమ నీళ్లలో చూసిన తర్వాత దూరదేశం కథ వాళ్లకు అర్థమైంది, ముందే చెప్పి ఉంటే పాఠంలా ఉండేది.

పిల్లలను వదిలే పద్ధతి మారింది. తర్వాతి విడతలో లారీ ఘాటుకు వచ్చినా బ్యాగులు అక్కడ విప్పలేదు. సాయంత్రం చల్లబడ్డాక పుట్టిల్లోకి, మర బోట్లలోకి ఎక్కించి, బ్యాగులను కాసేపు నీళ్ల మీద తేలనిచ్చి వేడి సమం అయ్యాక, నాచు, మునిగిన పొదలు ఉన్న వేర్వేరు చోట్ల కొంచెం కొంచెంగా వదిలారు. కుక్కల బండల దగ్గర వదల్లేదు. ఫొటోలకు కొన్ని బ్యాగులు ఘాటు దగ్గరే విప్పాల్సి వచ్చింది, దానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆ విడత తర్వాత అదే బండల మీది పొట్లాల్లో చిట్టి పళ్లు బాగా తగ్గాయి.

ఐస్ విషయంలో నలుగురైదుగురు కలిసి థర్మకోల్ పెట్టెలు కొనుక్కుని, ముందు రోజు సాయంత్రమే ఐస్ తెచ్చిపెట్టుకుంటున్నారు, వల చీకట్లోనే లేపుతున్నారు. అందరికీ కుదరలేదు. ఒంటరిగా పుట్టి మీద వెళ్లేవాళ్లకు ఆ ఖర్చు భారమే.

నిజంగా నీటికుక్క చింపిన వలకు పరిహారం ప్రశ్న అలాగే ఉంది. అడవి జంతువు పశువును చంపితే ఎక్కడికి వెళ్లాలో ఊళ్లో అందరికీ తెలుసు. వల గురించి దరఖాస్తు పట్టుకుని వెళితే ఒక ఆఫీసు ఇంకో ఆఫీసు పేరు చెప్పింది, ఆ ఆఫీసు మళ్లీ మొదటి దాని పేరు చెప్పింది. సాక్ష్యం లేదనడానికి ఇప్పుడు వీల్లేదు, తేదీతో, బొమ్మతో పుస్తకంలో ఉంది. అరుదైన జంతువును కాపాడే ఖర్చు తంగూసు వల కొనుక్కునే మనిషి మీద మాత్రమే పడడం నాకు సరైనదిగా అనిపించదు, ఆ దరఖాస్తు వెనక నేను తిరుగుతూనే ఉంటాను.

అలవి వల మీద సంఘం ఇంకో ఫిర్యాదు ఇచ్చింది. ఈసారి దాంతో పాటు ఎండు పరక సంచి కూడా పంపింది. కొన్నాళ్లు గట్టు ఖాళీ అయ్యింది, మళ్లీ ఎగువన ఇంకో చోట టార్పాలిన్లు పరిచారని విన్నాను. కూలీల అడ్వాన్సుల సంగతి తేలకుండా వలలు తగలబెట్టినంత మాత్రాన ఇది ఆగదు.

వల పుస్తకం ఇంకా నడుస్తోంది. కార్యదర్శి కూతురు డిగ్రీకి హైదరాబాద్ వెళ్లాక ఆమె తమ్ముడు రాస్తున్నాడు. నేను గీసిన గడులకు వాళ్లు రెండు కలుపుకున్నారు. ఒకటి, ఆ రోజు డ్యాం నీటిమట్టం ఎన్ని అడుగులు, ఎందుకంటే మట్టాన్ని బట్టి ఏ మోడు వలకు అందుతుందో మారుతుంది. ఎండాకాలం తేలిన మోళ్లకు గుర్తులు పెట్టి, ఏ మట్టం దగ్గర ఏ మోడు మునుగుతుందో పుస్తకం వెనక పేజీల్లో రాసుకున్నారు. రెండోది, దెయ్యం చేప పడితే దాని పొడవు.